మావయ్య తీసేసిన కర్రముక్క

కెనడాలోని విండ్సర్‌లో ఉండే మా మావయ్య పోయిన వారం కన్నుమూశారు. "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా" అని అత్తయ్య ఫోన్ చేసి చెప్పింది.

మావయ్య కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. నేను యూనివర్సిటీలో చదివినన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. ఏ వస్తువు కొన్నా విప్పి చూడందే ఆయనకి తోచేది కాదు. కొత్త మిక్సీ కూడా ముందు గరాజ్‌కి వెళ్ళి, ఆ తర్వాతే వంటింట్లోకి వచ్చేది.

బాతుల వేట ఆయనకి నేర్పింది పక్కింటి తెల్లాయన. తన పాత పంప్ షాట్‌గన్ కూడా మావయ్యకి ఆయనే అమ్మాడు. బాతుల వేటలో తుపాకీకి మూడు తూటాలకి మించి పట్టకూడదని ఇక్కడి రూలు. అందుకే తూటాలు దూర్చే గొట్టంలో ఒక కర్రముక్క అడ్డం పెడతారు. ఒక శనివారం బాతులు తప్పించుకుపోయాయన్న ఉక్రోషంతో మావయ్య గరాజ్‌లో కూర్చుని ఆ ముక్క తీసేశారు.

తర్వాతి వారం ఫోటోలు తీద్దామని నేనూ వాళ్ళతో వెళ్ళాను. రెల్లుపొదల దగ్గర వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ వచ్చి, తనిఖీకని మావయ్య తుపాకీ తీసుకుని తూటాలు ఒక్కొక్కటే గొట్టంలోకి నెట్టింది. పట్టకూడని తూటా కూడా లోపలికి పోయింది.

"నేను కొన్నప్పుడే ఇలా ఉందండీ" అన్నారు మావయ్య.

అమ్మిన మనిషి పక్కనే ఉన్నాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఆఫీసర్ ఆ పక్కింటాయన లైసెన్స్ అడిగింది. మావయ్య ముఖం చూడ్డానికి సిగ్గేసి నేను నా బూట్ల వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆఫీసర్ ట్రక్ వైపు నడుస్తుంటే మావయ్య బురదలో తూలుకుంటూ వెనకాలే వెళ్ళారు.

"ఆయన తప్పేం లేదు. నేనే తీశాను. ఇందాక అబద్ధం చెప్పాను."

తుపాకీ పట్టుకుపోయారు. కొన్నాళ్ళు వేటాడకూడదని కోర్టు చెప్పింది. అది ఆయన్ని అంతగా బాధపెట్టలేదు. పక్కింటి కారు వెళ్ళిపోయిందని కిటికీలోంచి చూసుకున్నాకే చెత్తడబ్బా బయట పెట్టేవారు. "ఆ మనిషి నన్ను తిట్టినా బావుండేదే" అని అత్తయ్యతో అనడం విన్నాను.

చివరికి పక్కింటాయనే వచ్చి తలుపు కొట్టాడు. "శనివారం పడవ నెట్టడానికి మనిషి కావాలి."

"నా దగ్గర తుపాకీ లేదు కదా."

"పడవ నెట్టడానికి తుపాకీ ఎందుకు?"

మావయ్య వెళ్ళారు. గడువు తీరాక కూడా మళ్ళీ తుపాకీ కొనలేదు. గుళ్ళో ఎవరైనా అడిగితే దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పేవారు. చెప్పినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి. నాతో మాత్రం, "చెయ్యడం వచ్చు కదా అని చేసెయ్యకమ్మా" అనేవారు. ఉద్యోగంలో చాలాసార్లు ఆ మాటే నన్ను ఆపింది.

పోయిన శరదృతువులో తెల్లవారుతుండగా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పడవలో ముందు పక్కింటాయన కూర్చున్నాడు. వెనక మావయ్య గెడ నీళ్ళలో ఆనించి నిలబడ్డారు. బాతులు దగ్గర్లోనే వాలాయి. నన్ను చూసి మావయ్య పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.