రెండు దేశాల మధ్య షిరానీ

2022. జిల్లాలు విడిపోయి, మచిలీపట్నం నుంచి ఫైళ్ళు విజయవాడకు వస్తున్న రోజులు. కలెక్టరు కార్యాలయంలో పౌరసత్వం దరఖాస్తులు చూసే సీటు నాకు అప్పగించారు. ఇక్కడివాళ్ళను పెళ్ళి చేసుకున్న విదేశీయులు ఏడేళ్ళు ఇక్కడ ఉన్నాక దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది పోలీసు ఎంక్వైరీ, రాష్ట్ర ప్రభుత్వం దాటి ఢిల్లీ చేరాలి. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే చెప్పడం మా చేతుల్లో ఉండదు.

అలా ఎదురుచూస్తున్నవాళ్ళలో షిరానీ ఒకరు. పుట్టింది శ్రీలంకలో, సముద్రం ఒడ్డున. కువైట్‌లో ఇళ్ళలో పనిచేస్తున్నప్పుడు ఇబ్రహీంపట్నం కుర్రాడు జోజితో పరిచయమై, పెళ్ళయింది. జోజి ఇప్పుడు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కడతాడు. అతనికి పని మానుకుని రావడం కుదిరేది కాదు. అందుకని షిరానీని అత్తగారు మరియమ్మ వెంటబెట్టుకొచ్చేది.

“ఏమన్నా తెలిసిందా అమ్మా?” అని వస్తూనే అడిగేది.

“ఢిల్లీలో ఉందండీ.”

“పోన్లే, అంత దూరం వెళ్ళిందిగా. సగం పనైనట్టే!” అని కోడలి వీపు తట్టేది.

మరుసటి ఏడాది యాక్సెప్టెన్స్ లెటర్ వచ్చింది. పౌరసత్వం ఇవ్వడానికి ఒప్పుకున్నాం, ముందు ఈ గడువులోగా మీ దేశపు పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు తెండి అని దాని సారాంశం. సంబరంగా ఫోన్ చేశాను. వచ్చేసరికి షిరానీ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రెండు రోజుల కిందటే అక్కడ వాళ్ళమ్మకు పక్షవాతం వచ్చిందట.

“పాస్‌పోర్టు ఇచ్చేస్తే మళ్ళీ ఎప్పుడు వెళ్ళొచ్చు మేడమ్?”

“ఇక్కడి సర్టిఫికెట్ రావాలి, ఆపైన కొత్త పాస్‌పోర్టు. అప్పటిదాకా ప్రయాణం కుదరదమ్మా.”

“ముందు అమ్మను చూసొస్తే ఈ లెటర్ పోతుందా?”

“గడువు పొడిగించమని రాద్దాం. ఇస్తారని మాత్రం మాటివ్వలేను.”

షిరానీ లెటర్ వైపే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళు అడిగిన కాగితం అది. వదలాలంటే చెయ్యి రావడంలేదు. మరియమ్మ దాన్ని తీసి నా ముందు పెట్టింది.

“కాయితం కోసమైతే మళ్ళీ తిరుగుదాం. తిరగడానికి నేనున్నా. మీ అమ్మ అన్నాళ్ళు ఆగొద్దూ? నువ్వు పో.”

షిరానీ పేరున అభ్యర్థన రాసి, ఆ పూటే పైకి పంపించాను. ఆమె వెళ్ళింది. తల్లి గుర్తుపట్టిందట. మాట రాకపోయినా కూతురు పెట్టిన జావ తాగిందట. కొన్నాళ్ళకు కూతురి చేతుల్లోనే కన్నుమూసింది. షిరానీ తిరిగొచ్చేలోగా గడువు పొడిగించినట్టు జవాబొచ్చింది.

తర్వాత ఆమె తన దేశపు పౌరసత్వం వదులుకుని, ఆ రుజువు తెచ్చిచ్చింది. రసీదు అందుకుంటూ నెమ్మదిగా అడిగింది.

“మేడమ్, ఇవాళ నేను ఏ దేశందాన్ని?”

చట్టం ప్రకారం చెప్పాలంటే ఆ పూటకు ఏ దేశానికీ చెందదు. తల్లి పోయి పట్టుమని రెండు నెలలు కాని మనిషితో ఆ మాట ఎలా అనను? ఆమె తెచ్చిన కాగితాలు ఫైల్లో సర్దాను.

“మా ఇంటిదానివి,” అంది మరియమ్మ. “దేశం సంగతి మేడంగారు చూసుకుంటారు. పద, ఎండెక్కుతోంది.”

సర్టిఫికెట్ రావడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. పౌరసత్వ ప్రమాణం చేసే రోజు జోజి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చదువుతూ చదువుతూ షిరానీ మధ్యలో ఆగిపోయింది. కలెక్టరుగారు తొందరపెట్టలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని మిగతాది పూర్తి చేసింది.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు ఫైలు సంగతి ఎత్తను. “మీవాళ్ళు అక్కడ ఎలా ఉన్నారు? ఈలోగా వెళ్ళి చూసిరావాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతాను. ఎదురుచూపును తగ్గించే అధికారం నా కుర్చీకి లేదు. ఆ ఎదురుచూపులో వాళ్ళు ఎవరిని పోగొట్టుకోబోతున్నారో సకాలంలో తెలిస్తే, ఒక ఉత్తరం రాయగలను.