పాక్ చోయ్ తిన్న ఆవిడ

"ఏటమ్మా ఈ ఆకు? నానెక్కడా సూడలేదు. తినొచ్చా?" అని బస్సులో పక్క సీటావిడ అడిగేదాకా నాకు భయమే పుట్టలేదు.

సింగపూర్ నుంచి వచ్చిన ఓడలో వంటవాడు పోర్టులో పనిచేసే మావారికి ఇచ్చిన గింజలతో వేసిన మొక్కలవి. పాక్ చోయ్ అంటారట. గాజువాకలో మా పెరట్లో తెల్లటి లావు కాడలతో, గరిటెల్లాంటి ఆకులతో ఏపుగా పెరిగింది. ఆ ఉదయమే మొదటిసారి కోసి, సగం పప్పులో వేశాను. పప్పు కొంచెమే అయిందని అంతా పిల్లలిద్దరికీ పెట్టి బడికి పంపాను. నేను రుచి కూడా చూడలేదు. మిగతా సగం వన్ టౌన్‌లో అక్కకు తీసుకెళ్తున్నాను.

ఇదంతా ఆవిడకు చెప్పి, పిల్లలకేమైనా అవుతుందేమో అన్నాను.

"మేకకెట్టి సూడాల్సింది," అందావిడ. "మేక లేదు గదా, నానున్నాను."

వద్దనేలోపే ఒక కాడ తుంచి, కొంగుతో తుడిచి, కరకరా నమిలేసింది.

మల్కాపురం వచ్చింది. అక్కడికే టికెట్టు తీసుకున్న మనిషి కదల్లేదు. మీ స్టాపు కదా అన్నాను.

"దిగిపోతే నాకేటయిందో నీకెలా తెలుస్తాది? సివరిదాకా వత్తాను, సూసుకో."

కండక్టర్ దగ్గర ఇంకో టికెట్టు తీసుకుంది. వన్ టౌన్ దాకా ఆవిడ కబుర్లు చెబుతూనే ఉంది, నేను ఆవిడ ముఖం చూస్తూనే ఉన్నాను. దిగాక తిరుగు బస్సెక్కి వెళ్లిపోయింది. పేరు అడగడం తోచలేదు.

సాయంత్రం పిల్లలు ఎప్పటిలాగే కొట్టుకుంటూ ఇంటికొచ్చారు. మర్నాడు ఉదయం పెరట్లో మిగిలిన ఆకు కోసి వండాను. కంచాల ముందు కూర్చున్నవాళ్లతో, "కాస్త ఆగండి, ముందు అమ్మ తింటుంది," అని చెప్పాను.