డబ్బాలో జున్నుపాలు

మొన్న కడుపుబ్బరానికి మాత్రలు తెచ్చుకుందామని తెనాలిలో మందుల షాపుకి వెళ్లాను. షాపతను నా ముందు ఒక డబ్బా పెట్టాడు.

"ఇది వాడి చూడండి బాబాయిగారూ, పేగులకి మంచిదంటున్నారు. ఆవు జున్నుపాల పొడి."

జున్నుపాలు అమ్ముతున్నారా?

మా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. రేపల్లె దగ్గర మా ఊళ్లో గేదె ఈనితే జున్నుపాలు చుట్టుపక్కల ఇళ్లకి ఊరికే పంపేవాళ్లం. వాళ్లు గిన్నెలో గుప్పెడు బియ్యం వేసి తిరిగిచ్చేవాళ్లు. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తుంటే ఆ వాసన వీధిలోకి వచ్చేది.

ఒకసారి గేదె ఈనిన పొద్దున్నే బాపట్ల నుంచి మా మేనత్త భర్త వచ్చాడు. దూడ లేవలేక గడ్డిలో పడి ఉంది. నాయనమ్మ కాసిని పాలు పిండి, వేళ్లు ముంచి దాని నోట్లో పెడుతోంది.

"ఏంటత్తయ్యా, అల్లుడి కంటే దూడ ఎక్కువైందా? నా జున్నేది?" అన్నాడు మామయ్య.

"నువ్వు నిలబడే ఉన్నావుగా నాయనా" అంది నాయనమ్మ, తలెత్తకుండా.

ఎండెక్కాక దూడ వణుకుతూ లేచి తల్లి పొదుగు అందుకుంది. అది కడుపునిండా తాగాకే మా ఇంట్లో జున్ను వండారు.

"మరి వీళ్లు దూడ తాగాకే పాలు తీస్తారా?" అని షాపతన్ని అడిగాను.

అతను డబ్బాని నాలుగువైపులా తిప్పి చదివాడు.

"దూడ సంగతి ఏమీ రాయలేదండి."

మూత మీద బొమ్మ చూశాను. పచ్చిక ఉంది, ఆవు ఉంది. పక్కన దూడ లేదు.