చెలిమి కాదు, చెలిమె

ముందే చెప్తున్నాను, ఆ పాట నాది కాదు. సినిమా వాళ్లది. నేను పెళ్లయి బోథ్ దగ్గరి అత్తగారి ఊరికి వచ్చిన కొత్తలో, ఎవరింట్లో పెళ్లయినా మైకు సెట్టు పెట్టి ఆ పాటే వేసేవారు. మైకు గొట్టంలోంచి పత్తిచేన్ల దాకా వినబడేది. గాలి అటు మళ్లితే సగం మాటలు అటే పోయేవి. మిగిలిన సగాన్ని మేం పట్టుకున్నాం.

అప్పటికి నాకు అక్షరం రాదు. చెవికి ఏది తగిలితే అదే మాట. ఆ పాటలో మాటిమాటికీ ఒక మాట వచ్చేది. నాకది 'చెలిమె' అని వినబడింది.

చెలిమె అంటే తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో చేతులతో గుంత తవ్వుతాం. మోచేతి లోతు పోయాక తడి తగులుతుంది. ఇంకాస్త తవ్వితే నీళ్లు ఊరుతాయి. మొదట ఊరేవి మురికి నీళ్లు. వాటిని కొబ్బరి చిప్పతో తోడి పారబోసి కాసేపు కూర్చుంటే అప్పుడు తేటనీళ్లు వస్తాయి. పోయేటప్పుడు పశువులు తొక్కకుండా ముండ్లకంప కప్పి పోతాం. ఆ గుంతే చెలిమె. మా ఇంటి చెలిమె మా ఆయన తవ్వేవాడు. మాటలు తక్కువ మనిషి. నా మీద ప్రేమ ఉందని ఒక్కనాడూ నోటితో అనలేదు. కానీ పొద్దున్నే నేను బిందె పట్టుకొని వాగుకు పోయేసరికి మురికి నీళ్లు తోడి పోసి ఉండేవి.

అందుకే సినిమాలో ఒక పిల్ల తన పిలగాడి చెలిమె గురించి అంత తీపిగా పాడుతుంటే నాకు వింత అనిపించలేదు. నీళ్లు తోడి పెట్టినవాడి మీద పాడక ఎవరి మీద పాడుతుంది అనుకున్నాను.

ఆ ఒక్క మాట పట్టుకొని మిగతాదంతా నేనే కట్టాను.

నువ్వు తోడిన చెలిమె నాకు చాలు మామా
ఊరి బాయి ఎండినా ఊట ఆగదు మామా
ముండ్లకంప జరిపి ముంత ముంచితి మామా
మురికి నీళ్లు పోయి తేటనీళ్లొచ్చె మామా

బాణీ కూడా ఉన్నదున్నట్టు ఉంచలేదు. సినిమాలో ఆమె ఒక్కో మాటను జీడిపాకంలా సాగదీస్తుంది. నడుం వంచి పత్తి ఏరేవాళ్లకు అంత ఊపిరి ఎక్కడిది? ఆమె సాగదీసిన చోటల్లా నేను తెంపాను. చివర 'మామా' పెట్టాను, అక్కడ అందరూ అందుకుంటారు, ముందు పాడే మనిషికి ఊపిరి తీసుకునే జాగా దొరుకుతుంది. బతుకమ్మ ఆడేటప్పుడు 'మామా' తీసి 'ఉయ్యాలో' పెట్టుకున్నాం. చుట్టుపక్కల ఊళ్లకు ఆడపిల్లలు కోడళ్లుగా పోయారు, వాళ్లతో పాటు పాట కూడా పోయింది. కొన్నాళ్లకు అది సినిమా పాట అని అనుకునేవాళ్లే లేకుండా పోయారు.

మా ఆయన దుబాయి పోయిన ఏండ్లలో చెలిమె నేనే తవ్వుకున్నాను. 'నువ్వు తోడిన' అనే మాట మాత్రం మార్చలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఇంటికి నల్లా వచ్చింది, వాగులో ఇసుకే లేదు, లారీలెక్కి పోయింది. చెలిమె అనేది మా ఊళ్లో ఇక ఆ పాటలో తప్ప ఎక్కడా కనబడదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవరాలు పుట్టిన తర్వాత. సాయంత్రాలు బడి వరండాలో ముసలీముతకా కూర్చునేవాళ్లం. చదువు చెప్పే పిల్ల ఒకరోజు బోర్డు మీద 'చెలిమి' అని రాసి, స్నేహం అని చెప్పింది.

"తప్పు రాసినవ్ బిడ్డా," అన్నాను. "మకు గుడి కాదు, ఎత్వం పెట్టాలె."

"అది వేరే మాట పెద్దమ్మా. ఇది చెలిమి. పాత సినిమా పాటల వస్తది గద, గదే మాట."

పక్కన కూర్చున్న నా యారాలు, అదే మా మరిది పెళ్లాం, పలక ఒళ్లో పెట్టుకొని పకపకా నవ్వింది.

"గట్లయితే ఇన్నేండ్ల సంది మనం దోస్తానుల ముంత ముంచి నీళ్లు తాగుతున్నమా అక్కా!"

అందరం కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాం. మర్నాడు పత్తిచేనులో ఎవరూ మాట మార్చలేదు. నేను అసలే మార్చలేదు. చెలిమి అనే మాట మా ఇళ్లల్లో ఎవరి నోటా వినలేదు నేను. మాకు ఉన్నది దోస్తాన్. తాగింది చెలిమె.

ఆ మనవరాలు ఇప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతోంది. గొంతు బాగుంటుంది, నా గొంతు కంటే బాగుంటుంది. మేం చేనులో పాడుతుంటే ఫోన్లో పట్టి ఎక్కడో పెట్టింది. అది చూసి కరీంనగర్‌లో పల్లెపాటలు తీసే స్టూడియో ఆయన కబురు పెట్టాడు. పాట తన ఛానెల్‌లో వస్తుంది, పాడేది నా మనవరాలే. దానికి ఆ వారమంతా అన్నం దిగలేదు. పాటలు పాడి బతకాలని దాని కోరిక. ఇది మొదటి మెట్టు. కట్టిన మనిషి కూడా ఉండాలన్నాడని నిర్మల్‌లో బస్సు మారి నేనూ పోయాను.

చిన్న గది. గోడలకు నల్లటి స్పాంజి అంటించారు. ముందు సంగీతం వినిపించాడు. ఉన్నమాట చెప్పాలి, డప్పు అదిరింది. కూర్చున్న చోటే నా కాలు ఆడింది.

"ఎట్లుందవ్వా?"

"జబర్దస్త్ ఉంది కొడుకా."

"ఒక్క మాట సరిజేసిన. చెలిమె కాదవ్వా, చెలిమి. పాత పాట తీసి ఇన్న, అందుల గట్లనే ఉంది."

"గా సంగతి నాకు ఎర్కే. మరి తోడిన అంటున్నం గద, చెలిమిని ఎట్ల తోడ్తరు?"

"గందుకే 'నువ్వు ఇచ్చిన చెలిమి' అని పెట్టిన. ముండ్లకంప, మురికి నీళ్లు తీసేసిన. ఇగ గవి అతుకయి."

"నా పాటల పాణం తీసి బొంద పెట్టి, సరిజేసిన అంటవేంది?"

మనవరాలు నా మోచేయి పట్టుకుంది. "బాపమ్మా, జర ఊకో."

అతను చెడ్డవాడు కాదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "మా అమ్మమ్మ ఊర్ల నేను గూడ చెలిమె నీళ్లు తాగిన. నాకు తెల్వదా? గని సూసేటోళ్లకు తెల్వదు. అక్షరం రానోళ్లు పాడిండ్రని పాట కింద తిట్లు రాస్తరు."

"రాయనియ్యి. అక్షరం రాకనే పుట్టింది ఆ పాట. వచ్చి ఉంటే నేను గూడ చెలిమి అనే పాడుతుంటి. నీకు తీసుకునేటందుకు ఏముంటుండె?"

అతను కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు. "ట్రాక్ రెడీ ఉంది, పోరిని పాడనియ్యి," అన్నాడు.

మనవరాలు నా ముఖం చూసింది. పాడమనీ అనలేదు, వద్దనీ అనలేదు నేను. బతుకు దానిది. అది అద్దం గోడ వెనక్కి పోయి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని మొదలుపెట్టింది. 'ఇచ్చిన' అని సరిగ్గానే అంది. తర్వాత 'చెలిమె' అంది. అతను ఆపాడు. మళ్లీ పాడింది, మళ్లీ చెలిమె. మెల్లగా విడదీసి చెప్పాడు, ఓపికగానే చెప్పాడు. మళ్లీ అదే. చివరికి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది.

"నోరు తిరుగుతలేదన్నా," అంది.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందో లేదో నేను తొంగి చూడలేదు. నిర్మల్ దగ్గర పడ్డాక చెప్పింది.

"నోరు తిరిగేది బాపమ్మా. నేనే తిప్పలే."

స్టూడియో ఆయన వేరే అమ్మాయితో పాడించాడు. చెలిమి అనే పాడించాడు. పాట ఎగిరిపోయింది. ఆటోల్లో అదే, ఆదిలాబాద్ పత్తి మార్కెట్టులో ట్రాక్టర్ల మీద అదే. మా ఊళ్లో కొందరు నన్ను ఎగదోశారు: నీ పాట దొంగలిచ్చిండు, పోయి అడుగు అని. దొంగతనం ఏముంది? నేను సినిమా వాళ్లను అడిగి తెచ్చుకున్నానా? పాట ఎవరి చేతికి వస్తే వాళ్లు తిప్పుకుంటారు. తిప్పుకోవాలి కూడా. అతను డప్పు కలిపాడు, దానికి నేను సలాం చేస్తాను. కానీ తన మాట ఏదన్నా పెట్టి ఉంటే ఊరుకునేదాన్ని. నా మాట తీసి, మేం ఎన్నడో వదిలేసిన సినిమా మాటనే మళ్లీ తెచ్చి పెట్టి, అది దిద్దడం అన్నాడు. అక్కడే నాకు మండింది.

మొన్న మాఘంలో యారాలి మనవడి పెళ్లి. బోథ్ నుంచి డీజే బండి తెచ్చారు. బారాత్ మా వీధిలోకి వచ్చేసరికి అదే పాట వేశాడు. మనవరాలు ముఖం ముడుచుకొని ఇంట్లోకి పోబోతే చెయ్యి పట్టి ఆపాను. బాక్సులోంచి 'నువ్వు ఇచ్చిన చెలిమి' అని రాగానే యారాలు గొంతెత్తి 'తోడిన చెలిమె' అంది. పక్కవాళ్లు అందుకున్నారు. పత్తిచేనులో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినబడే గొంతులు మావి.

డీజే పిలగాడు బండి మీది నుంచి అరిచాడు. "పెద్దమ్మా, పాట తప్పు పాడుతున్నరు!"

"మేం కాదు, నీ బాక్స్ తప్పు పాడుతుంది. జర సౌండ్ తగ్గియ్యి!"

వాడు తగ్గించలేదు, ఇంకా పెంచాడు. ఈలోగా మాటలు ఆగి ఒట్టి డప్పు వచ్చే చోటు వచ్చింది. మనవరాలు నా చెయ్యి విడిపించుకొని బండి ముందుకు పోయింది. స్టూడియోలో కోసేసిన ముండ్లకంప చరణం అందుకుంది. ఆ డప్పు మీద చరణం కొలిచి కుట్టినట్టు కూర్చుంది. 'తేటనీళ్లొచ్చె మామా' అనగానే వీధి వీధంతా 'మామా' అంది.

వాడు ఆ డప్పు ముక్కనే వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. మనవరాలు మళ్లీ మొదటి నుంచి అందుకుంది.