మావ పోసిన ఉప్పునీళ్లు, కారు సైరన్

దయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. పలాసలో మా జీడిపిక్కల బట్టీ శ్మశానాన్ని ఆనుకునే ఉంది. రోజూ ఒక్కణ్ణే తాళం వేసుకుని వచ్చేవాణ్ణి. నాకేదైనా భయం ఉందంటే అది మా మావ చాదస్తమే.

మా ఆవిడ తండ్రి ఆయన. ఊరు భావనపాడు, సముద్రం మీద వేటే బతుకు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో నేను సెకండ్‌హ్యాండ్ కారు కొని, రిమోట్ లాక్ పెట్టించి, చూపిద్దామని తీసుకెళ్లాను. కొత్త పడవకి చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి, "మూతెత్తల్లుడా" అన్నాడు. దేనికోనని బానెట్ ఎత్తాను. బిందెడు సముద్రపు నీళ్లు ఇంజను మీద గుమ్మరించేశాడు!

అంతే, కారుకి పిచ్చి పట్టింది. రిమోట్ ముట్టుకోకుండానే, ఆపదలో నొక్కాల్సిన పానిక్ అలారం సైరన్ దానంతటదే మోగేది. బజార్లో పరువు పోయేది. రిమోట్ బ్యాటరీ మార్చాను, ఫ్యూజు మార్చాను, ఊహూఁ. చివరికి టెక్కలి మెకానిక్ సైరన్‌నే విప్పి తన దగ్గర పెట్టుకున్నాడు. "ఉప్పు తినేసింది బావా. కొత్తది తెప్పిత్తాను" అన్నాడు.

ఆ వారంలోనే మావకి ఆయాసం ముదిరింది. మండుటెండలో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే సరుగుడు తోటల దగ్గర కారు ఆగిపోయింది. తలుపులు టప్పున లాక్ పడ్డాయి. పిడి లాగాను, అద్దం దించబోయాను, కాలితో తన్నాను. ఏదీ కదల్లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మావ నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు, పెదాలు నల్లబడిపోయాయి. నా కళ్ల ముందే పోతాడని ఏడుపొచ్చేసింది. సైరన్ లేదని తెలిసీ రిమోట్ మీది పానిక్ మీట నొక్కుతూనే ఉన్నాను.

మోగింది. అదే సైరన్, చెవులు చిల్లులు పడేలా.

దూరంగా చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. "ఓలమ్మో, ముసిలోడు సచ్చిపోతన్నాడే! అద్దం కొట్టండే!" అంటూ ఒకామె రాయి ఎత్తింది. మావని బయటికి లాగాకే ఆ మోత ఆగింది. ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. బతికాడు.

మర్నాడు కారుని మెకానిక్ దగ్గరికి లాగించుకెళ్లి, సంగతి చెప్పాను. "ఎటకారమేటి బావా? సైరన్ నాకాడే ఉంది గదా!" అన్నాడు. నిజమే, తుప్పుపట్టి బల్ల మీద పడుంది. హారన్ మోగిందేమో అన్నాను. కారు బ్యాటరీలో కరెంటే లేదని చూపించాడు.

మావని అడిగితే టీ ఊదుకుంటూ, "తానం సేయించినోణ్ణి కారు మరిసిపోద్దేటి?" అన్నాడు.

ఆ లెక్క నాకిప్పటికీ తేలలేదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. కాకపోతే తర్వాత కొత్త కారు కొన్నప్పుడు, మావ బిందె పట్టుకొస్తుంటే బానెట్ నేనే ఎత్తి పట్టుకున్నాను.