సలహా కోరి వచ్చిన ఫైలు

ధర్మవరంలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేసే నా గదికి ఎవరొచ్చినా చెప్పులు బయట విప్పాలి. పట్టుచీరల వ్యాపారులైనా, మగ్గం నేసేవాళ్లైనా, మా మామగారైనా సరే. దుమ్ముతోనే కంప్యూటర్‌కు వైరస్ సోకుతుందని ఆ రోజుల్లో సగం ఊరు నమ్మేది. అలా సోకదని నాకు తెలుసు. అయినా గుమ్మం పక్కన పెట్టిన బోర్డు తీయలేదు. పెద్ద పెద్ద షావుకార్లు వంగి చెప్పులు విప్పుతుంటే చూడటానికి బాగుండేది.

నా అసలు జాగ్రత్తంతా ఫ్లాపీల మీద. బయటివాళ్ల ఫ్లాపీ నా మిషన్‌లో పెట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆయుధపూజ రోజు మా ఆవిడ మానిటర్‌కు బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ ఉంచేది. వైరస్‌లను పట్టుకునే ప్రోగ్రాం కూడా ఒకటి సీడీ తెచ్చి వేశాను. కొత్త వైరస్‌ల ఆనవాళ్లు దానికి ఎప్పటికప్పుడు ఇంటర్నెట్ నుంచి తెచ్చి ఇవ్వాలి. అంతసేపు ఫోను లైను పట్టుకుంటే ఇంటికి ఫోన్లు రావని మా ఆవిడ సణిగేది. సరేలే, మరోసారి చూద్దామని వదిలేశాను. ఆ మరోసారి రెండేళ్లు దాటింది.

నాకు డిజైన్ నేర్పిన ఆయన్ని నేను పెదనాయనా అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. చీర అంచులూ బుట్టాలూ గళ్ల కాగితం మీద, ఒక్కో గడీ ఒక్కో పోగు లెక్కన రంగుతో నింపి గీసేవాడు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే కింద చీరలో బొమ్మ పడుతుంది. ఊళ్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆయన దగ్గరికే పోయేవాళ్లు. నా గదిలో, నా కంప్యూటర్ ముందు కూర్చుని కూడా, ‘పెద్దాయన్ను ఒక మాట అడుగుదాం’ అనేవాళ్లు. నాకది గుచ్చుకునేది.

ఆయన చూపు మందగించాక పని మానేసి రొద్దం దగ్గర సొంతూరికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు ట్రంకు పెట్టెడు గళ్ల కాగితాలు నాకు అప్పగించాడు. చాలావరకు పురుగు కొట్టినవే. అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో దాచాను. వాటిలో ఒకటి వేరుశనగ బుట్టా. మామిడి పిందెలూ హంసలూ గీసిన చెయ్యి ఒక్కసారి మాత్రం తన చేలోని చెట్టును గీసింది. పసుపు పువ్వు, నాలుగేసి ఆకులు, నేలలోకి దిగే ఊడ. పట్టుచీర మీద శనక్కాయలేందని వ్యాపారులు నవ్వారు. ఎవరూ నేయించలేదు. ఆయనకు మాత్రం అన్నిటికన్నా అదే ఇష్టం. వచ్చినప్పుడల్లా, ‘మన చెట్టు ఉండాదా?’ అని అడిగి, తెరకు ముఖం ఆనించి చూసుకుని వెళ్లేవాడు.

అంతా కంప్యూటర్‌లో భద్రంగా ఉంది కదా అని, కాగితాలను పాత పేపర్ల బండికి వేసేశాను. సీడీలో ఒక నకలు రాయించుకోవాలంటే హిందూపురం నెట్ సెంటర్ దాకా పోవాలి. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూనే ఉన్నాను.

అప్పుడే హిందూపురం షావుకారు ఒకాయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. నాకు హుకుములు తప్ప మాటలు చెప్పని మనిషి. ఇంగ్లీషులో రెండే ముక్కలు: ఈ ఫైలు చూసి మీ సలహా చెప్పండి. నేను కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను. చివరికి నన్ను కూడా సలహా అడిగే రోజు వచ్చిందనుకున్నాను. ఒక మెయిల్ రాయాలంటే పక్కింటి గుమాస్తాను పిలిపించుకునే షావుకారు ఇంగ్లీషులో నన్ను బతిమాలడమేమిటని ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. ఫైలు నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను.

మధ్యాహ్నం ఆ షావుకారే ఫోన్ చేశాడు. ఆయన నాకేమీ పంపలేదట. పైగా నా దగ్గర్నుంచి ఆయనకొకటి వచ్చిందట. “ఏమప్పా, ఉన్నట్టుండి నన్ను సలహా అడుగుతాండావు?” అన్నాడు. నా మెయిల్‌లోని అడ్రసు పుస్తకంలో ఉన్న ప్రతివాణ్ణీ నేను సలహా అడిగానని సాయంత్రానికి తెలిసింది. డిజైన్ల ఫోల్డర్ తెరిచాను. పేర్లు ఉన్నాయి, బొమ్మలు లేవు. నెట్ సెంటర్ అతను వచ్చి చూసి, ఆ ఫైల్లో వచ్చింది వైరస్ అనీ, ఇవిక తిరిగి రావనీ చెప్పాడు. పాపం, అలవాటుగా చెప్పులు బయటే విప్పి వచ్చాడు.

తర్వాత నెల రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మగ్గాల మీద పాత అట్టలు వేలాడుతూనే ఉన్నాయి. నేసేవాళ్లను బతిమాలి, రంధ్రాలు చూసి గళ్లు నింపుకుంటూ చాలా డిజైన్లు తిరిగి తెచ్చుకున్నాను. వేరుశనగ బుట్టాకు మాత్రం అట్టలు లేవు. ఎవరూ నేయించలేదు కదా.

పెదనాయనకు చెప్పక తప్పదు. పెనుకొండలో బస్సు మారి రొద్దం వైపు పోతున్నంతసేపూ, తప్పును వైరస్ మీదికి ఎలా నెట్టాలా అని మాటలు కూర్చుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను గొంతు బట్టి గుర్తుపట్టి, మొదటి మాటే, “మన చెట్టు ఉండాదా?” అన్నాడు. కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. “లేదు పెదనాయనా. నేనే పోగొట్టినాను. కాగితం కూడా పారేసినాను,” అన్నాను. సిగ్గుతో ఆయన ముఖం వైపు చూడలేకపోయాను, ఆయనకు నా ముఖం సరిగా కనిపించదని తెలిసి కూడా.

ఆయన తిట్టలేదు. గళ్ల కాగితం ఉందా అని అడిగాడు. సంచిలో ఉంది. అట్టలు కొట్టేవాళ్లకు చదివి వినిపించే పద్ధతిలోనే వరస వెంట వరస చెప్పడం మొదలుపెట్టాడు. మూడు వదులు, ఒకటి కొట్టు. రెండు వదులు, మూడు కొట్టు. నేను పెన్సిల్‌తో నింపుతూ పోయాను. పువ్వు వచ్చింది. కాడ వచ్చింది. మొదటి ఆకు వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రెండో ఆకు సగంలో ఆయన ఆగాడు. అదే వరసను రెండుసార్లు మళ్లీ చెప్పి చూసుకున్నాడు. వేళ్లతో గాలిలో ఏదో తడిమాడు.

“ఆకు ఈడ్నించి యాడికి తిరగల్లో గుర్తు రాలేదప్పా,” అన్నాడు. “నువ్వు రోజూ చూస్తాంటివి కదా. నువ్వేమంటావు?”

ఆ ఆకును తెర మీద గడీ గడీ కనిపించేంత పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో. పెన్సిల్ పట్టుకుని ఖాళీ గళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన నా జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు. నాకు ఒక్క గడీ కూడా గుర్తు లేదు.