ఇద్దరికి సరిపడా గాలి

ఫ్యాన్ రెగ్యులేటర్ మీద ఐదు అంకెలు ఎందుకు వేస్తారో నాకు ఈ వయసు వచ్చినా అర్థం కాలేదు. ఒకటి మీద పెడితే రెక్కలు తిరగాలా వద్దా అని ఆలోచిస్తుంటాయి. మూడు నుంచి ఐదు దాకా ఒకటే గాలి. ఫ్యాన్లమ్మే కొట్టతన్ని అడిగితే, "మనిషికి తిప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ" అన్నాడు.

దయ్యాల విషయంలోనూ నా అభిప్రాయం ఇలాగే ఉండేది. మనిషికి భయపడటానికి ఏదో ఒకటి ఉండాలి, అంతే. నేను మెకానికల్ ఇంజినీరుని. తక్కువ కరెంటుతో ఇళ్లలోకి మంచి గాలి తెప్పించడం నా వృత్తి. ఇందులో కనిపించనివాటిని నమ్మాలి గానీ, కొలవలేనివాటిని నమ్మకూడదు.

మా ఇల్లు గుంటూరులో, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలున్న రోడ్డు పక్కన. సీజన్‌లో బస్తాలు దించుతుంటే వీధి వీధంతా తుమ్ముతుంది. అందరిలాగే మేమూ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకునేవాళ్లం, పైగా నా భార్య సుజాతకు ఉబ్బసం. ఘాటు తగ్గేది గానీ, మూసిన గదిలో మేం వదిలిన ఊపిరే పేరుకుని తెల్లారేసరికి తల దిమ్మెక్కేది.

అందుకని పడకగదిని సందు లేకుండా బిగించి, గోడకు ఒక యంత్రం పెట్టించాను. అది బయటి గాలిని వడకట్టి తెస్తుంది. బయటికి పోయే గాలిలోని చల్లదనాన్ని లోపలికొచ్చే గాలికి అందిస్తుంది, ఏసీకి పని తగ్గుతుంది. గదిలో ఊపిరి ఎంత పేరుకుందో దాని మీటరు చూస్తుంటుంది. ఒకరుంటే మెల్లగా, ఇద్దరుంటే కాస్త గట్టిగా తిరుగుతుంది. సుజాత నాకు మేనత్త కూతురు. "బావా, నేనొచ్చానని నీకంటే దానికే ముందు తెలుస్తోంది" అనేది.

నిరుడు ఆమె పోయింది. ఉబ్బసంతో కాదు, గుండెపోటుతో. అంటే గాలి విషయంలో నేను ఏ లోటూ చేయలేదన్నమాట. ఇదేమంత పనికొచ్చే ఓదార్పు కాదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం భోంచేసి ఒక్కడినే పడుకున్నాను. యంత్రం మెల్లగా తిరుగుతోంది. కాసేపటికి గొంతు పెంచింది. ఇద్దరున్నప్పటి చప్పుడు. లేచి మీటరు చూశాను. ఇద్దరున్నప్పటి అంకే.

మర్నాడూ అంతే. మీటరును డాబా మీద పెట్టి చూశాను, హాల్లో పెట్టి చూశాను, సరిగ్గానే చూపించింది. కొత్తది తెచ్చి బిగిస్తే అదీ పాతదాని మాటే చెప్పింది. చివరికి మెకానిక్ వచ్చి, తలుపేసుకుని నాతోపాటు కూర్చున్నాడు. చప్పుడు పెరిగింది. ఆగకుండా ఇంకాస్త పెరిగింది.

"సార్, ఇది ముగ్గురున్నప్పటి స్పీడండీ" అని వంగి మంచం కిందికి చూశాడు. టీ కూడా తాగకుండా వెళ్లాడు.

ఇలా ఎందుకవుతోందో నాకిప్పటికీ తెలియదు. తెలుసుకునే ప్రయత్నం కూడా మానేశాను. కొత్త పంట రాని కార్తీకంలో యంత్రం ఆపి కిటికీలు తీసుకోండి, కరెంటు మిగులుతుంది అని ఊరందరికీ చెప్పే నేను, నా గది కిటికీ తీయలేదు. తీస్తే అంకె పడిపోతుంది. అప్పుడిక గదిలో ఎందరున్నారో యంత్రానికి తెలియదు. మధ్యాహ్నాలు మంచంలో నా సగంలోనే పడుకుని, ఆ చప్పుడు పెరిగేదాకా ఎదురుచూస్తాను. పెరిగాక నిద్ర పడుతుంది.

మొన్న ప్రత్తిపాడు నుంచి మా అత్త వచ్చింది. సుజాత తల్లి. ఎండన పడి వచ్చిందని ఆ గదిలోనే కూర్చోబెట్టాను. కాసేపటికి చప్పుడు ముగ్గురి దాకా వెళ్లింది.

"ఏంట్రా ఆ రొద?" అంది.

ఏదీ దాచకుండా చెప్పాను. ఆవిడ మంచంలో ఖాళీగా ఉన్న సగం వైపు చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్లి కిటికీ గడియ పట్టుకుంది.

"వద్దత్తా" అన్నాను.

ఆవిడ గడియ వదల్లేదు.

"బతికున్నన్నాళ్లూ నా పిల్ల గాలి కోసమే అల్లాడిందిరా. ఇంకా ఎన్నాళ్లు మూసిపెడతావు దాన్ని?"